మూడో ఆపరేషన్‌కి సంతకం పెట్టే ముందు

ఎమ్మిగనూరు తమ్ముడు రాసింది రెండుసార్లు చదివాను. మిగతావాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. వయసు 44. చిన్నప్పటి నుంచి గుంట మగ్గం పని. 2015లో ఎడమ కాలికి సయాటికా (నడుం నుంచి కాలిలోకి దిగే నరం నొప్పి) వస్తే ఎల్‌5–ఎస్‌1 దగ్గర జారిన డిస్క్ (పూసల మధ్య ఉండే మెత్త) తీశారు, నాలుగేళ్లు బాగున్నారు. ఎల్ అంటే నడుం పూస, ఎస్ అంటే దాని కింది ఎముక, అంకె వరస సంఖ్య. 2020లో మళ్లీ నొప్పి రావడంతో ఎల్‌4 నుంచి ఎస్‌1 దాకా స్క్రూలు, రాడ్లు వేశారు. ఆరు నెలలు పర్వాలేదు, తర్వాత కథ మొదటికొచ్చింది. ఇప్పుడు హైదరాబాదులో ఒక సర్జన్ "పైనున్న ఎల్‌3–ఎల్‌4 డిస్క్ కూడా పోయింది, ఒక స్క్రూ వదులైనట్టుంది, మళ్లీ తెరిచి రాడ్లు పైదాకా పొడిగించాలి" అన్నారు. కర్నూలులో ఇంకొకాయన "దాన్ని ముట్టుకోవద్దు, భరించు" అన్నారు. ఖర్చు నాలుగు లక్షల పైమాట. ఎకరన్నర పొలం అమ్మాలి. చేయించుకోవాలా వద్దా, మళ్లీ మగ్గం ఎక్కగలనా అన్నది ప్రశ్న.

నేను కర్నూలులో 2001 నుంచి ఫిజియోథెరపిస్టుని. సర్జన్‌ని కాను, మీ నడుం మీద చెయ్యి పెట్టి చూసినవాణ్నీ కాను. అయితే నా నడుం కూడా రెండుసార్లు కోశారు, మూడోసారికి అడ్మిషన్ ముందురోజు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. మా ఇంట్లో పెళ్లి ఫొటోల కన్నా ఎమ్మారై ఫిల్ములే ఎక్కువున్నాయి.

తమ్ముడూ, ముందు ఒక్క విషయం తేల్చుకుందాం. మూత్రం వస్తున్నట్టుండి రాకపోవడం, తెలియకుండానే పోవడం, సైకిల్ సీటుకి ఆనే చోటంతా మొద్దుబారడం, పాదం రోజురోజుకీ బలం తగ్గి వాలిపోవడం. వీటిలో ఏది మొదలైనా చదవడం ఆపేసి, అర్ధరాత్రైనా సరే 108కి ఫోన్ చేసి కర్నూలు పెద్దాసుపత్రికి వచ్చేయండి. అప్పుడు లెక్క గంటల్లో ఉంటుంది, తెల్లారాక చూద్దాం అంటే కుదరదు. మీరు రాసినదాంట్లో ఇవేవీ లేవు. ఎడమ కాలిలో అప్పుడప్పుడు తిమ్మిరి అన్నారే గానీ బలం తగ్గిందని అనలేదు. కాబట్టి మీకు టైముంది. "ఈ నెలలోనే చేసేద్దాం" అని ఎవరన్నా సరే, టైముంది. పొలం బేరం ఇప్పుడే పెట్టకండి.

టైము లేకపోవడం ఎలా ఉంటుందో నాకు అనుభవమే. 2008లో నాకు ఎల్‌4–ఎల్‌5 డిస్క్ తీశారు. రోగుల్ని లేపి కూర్చోబెట్టే పని కదా, ఆరు నెలలు ఆగమంటే మూడో నెలకే మొదలుపెట్టాను. అది నా తప్పే. 2013 ఎండాకాలంలో ఒకరోజు రైతుబజారులో నడుస్తుంటే కుడికాలి చెప్పు ఊడి పదడుగులు వెనక ఉండిపోయింది. వెనకొస్తున్న ముసలాయన "అబ్బీ, నీ చెప్పు" అని పిలిచేదాకా నాకు తెలియలేదు. ఇంటికొచ్చి మడమల మీద నిలబడబోతే కుడిపాదం ముందుభాగం లేవలేదు. అంతకు ముందురోజు దాకా చంపేసిన నొప్పి కూడా సగానికి తగ్గిపోయింది, దాంతో మరింత భయం వేసింది. నొప్పి తగ్గి బలం పోతోందంటే నరం ఓడిపోతోందని అర్థం. పాత చోటే డిస్క్ ముక్క మళ్లీ జారి ఎల్‌5 నరం మీద కూర్చుంది. నాలుగో రోజు ఆపరేషన్ అయింది. పాదం తిరిగి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. బొటనవేలికి ఇప్పటికీ కాస్త బద్ధకం ఉంది. ఆ ఆపరేషన్ లేకపోతే ఈరోజు కాలీడ్చుకుంటూ తిరిగేవాణ్ని.

2018లో మళ్లీ పట్టేసింది. ఈసారి కాలు బాగానే ఉంది, నొప్పంతా నడుంలోనే. ఎమ్మారై తీస్తే రెండు డిస్కులు బాగోలేవు, రాడ్లు వేద్దామన్నారు. డేటు కూడా తీసుకున్నాను. అడ్మిషన్‌కి ముందురోజు రాత్రి నిద్రపట్టక, నా ఫైలుని వేరేవాళ్ల ఫైలు అనుకుని చదివాను. ఈ పేషెంటుకి రేపు ఏం సరిచేయబోతున్నారో కాగితం మీద ఒక్క వాక్యం రాద్దామనుకున్నాను. రాయలేకపోయాను. 2013లో అయితే "నరం మీద కూర్చున్న ముక్కని తీసేస్తారు" అని మా అమ్మకి కూడా చెప్పగలిగాను. 2018లో "నొప్పిగా ఉంది కాబట్టి" తప్ప ఇంకేమీ రాలేదు. పొద్దున్నే ఫోన్ చేసి క్యాన్సిల్ చేశాను. ఆస్పత్రివాళ్లు అడ్వాన్సులో సగమే వెనక్కిచ్చారు, అది వేరే సంగతి.

మీ విషయంలోనూ ఆ ఒక్క వాక్యం రాయగలమా అన్నదే చూడాలి.

హైదరాబాదు డాక్టరుగారు చెప్పినవి రెండు: ఎల్‌3–ఎల్‌4 డిస్క్, వదులైన స్క్రూ. రెండూ ఫిల్ములో కనబడినవే. మీరు రాసిన నొప్పి మాత్రం ఇలా ఉంది: "నడుం కింద ఎడమవైపు, పిర్ర మొదలయ్యే చోట వేలు పెట్టి చూపించగలను. కూర్చుని లేస్తుంటే ప్రాణం పోతుంది. ఎడమవైపు తిరిగి పడుకోలేను. నాలుగడుగులు నడిస్తే కాస్త నయం." ఈ నాలుగు మాటలు మీరు ఏ డాక్టరుతోనైనా చెప్పారా? చెప్పినా ఎవరైనా అక్కడ నొక్కి చూశారా? నా అనుమానం, ఫిల్ము లైటుబాక్సు మీద పెట్టాక మీ మీద ఎవరూ చెయ్యి వేసి ఉండరు.

వేలుపెట్టి చూపించగలిగే ఆ చోట ఒక కీలుంది. వెన్ను చివరనుండే త్రికం అనే ఎముక తుంటి ఎముకతో కలిసే చోటు అది. డాక్టర్లు ఎస్‌ఐ జాయింట్ అంటారు. ఎల్‌4 నుంచి ఎస్‌1 దాకా రాడ్లతో బిగించేస్తే అక్కడ వంగడం, తిరగడం ఆగిపోతుంది. ఆ భారమంతా పైనున్న డిస్కు మీదా, కింద ఈ కీలు మీదా పడుతుంది. త్రికం దాకా రాడ్లు వేసినవాళ్లలో ఈ కీలు నొప్పి తరచూ చూసేదే. మీది అదేనని నేను రాతమీద తేల్చలేను. కానీ మీ నొప్పి ఆ కీలుదే అయితే, ఎల్‌3 దాకా రాడ్లు పొడిగిస్తే ఏమవుతుందో ఆలోచించండి. బిగించిన భాగం ఇంకా పొడుగై, కింద కీలు మీద భారం ఇంకా పెరుగుతుంది.

తేల్చుకునే దారి ఉంది. ముందు చేత్తో చేసే పరీక్షలు ఐదారు ఉన్నాయి, మంచి ఫిజియో దగ్గర పదిహేను నిమిషాల పని. వాటిలో మూడు, నాలుగు మీ నొప్పినే రప్పిస్తే, ఎక్స్‌రే చూస్తూ ఆ కీలులోకి మత్తుమందు సూది వేస్తారు. వేసిన గంటలో మీ రోజూ నొప్పి బాగా తగ్గిపోతే దొంగ దొరికినట్టే. తగ్గకపోతే అక్కడ లేడు. ఇదే పద్ధతిలో అనుమానం ఉన్న నరం దగ్గర కూడా వేసి చూడొచ్చు. ఏ భాగాన్ని తెరవాలంటున్నారో, ఆ భాగానికి ముందు మత్తిచ్చి చూడమని అడగడం మీ హక్కు. లక్షలు పోసి తెరవబోయే చోటిది, వేలల్లో ముందు తట్టి చూడటంలో తప్పేముంది?

ఇక ఆ ఫిల్ముల సంగతి. ఏ నొప్పీ లేని 3,110 మంది స్కాన్‌లను కలిపి చూసిన ఒక పరిశీలన 2015లో వచ్చింది. నలభై ఏళ్లవాళ్లలో 68 శాతం మందికి డిస్కులు అరిగి ఉన్నాయి, సగం మందికి డిస్కు ఉబ్బి ఉంది. వీళ్లెవరికీ నడుంనొప్పి లేదని గుర్తుంచుకోండి. అంటే మీ ఊళ్లో మీ వయసువాళ్లని వరసగా నిలబెట్టి ఎమ్మారై తీస్తే, సగానికి పైగా రిపోర్టులు చూసి మీరు దడుచుకుంటారు. వాళ్లు మాత్రం సోమప్ప సర్కిల్లో టీ తాగుతూ ఉంటారు. "గ్యాప్ వచ్చింది", "ఎముక అరిగిపోయింది" అనే మాటలకి మన దగ్గర విలువ ఎక్కువైపోయింది. మీ ఎల్‌3–ఎల్‌4 చెడింది నిజమే కావచ్చు. రాడ్లున్న చోటికి పైన ఉన్న డిస్కు త్వరగా అరగడం మామూలే. అయితే అది నొప్పిస్తోందా, ఊరికే అలా కనబడుతోందా అన్నది ఫిల్ము చెప్పదు. ఆ డిస్కు దగ్గర నరాల దారి ఇరుకైతే మనిషి చెప్పే కథ వేరేగా ఉంటుంది: వంద గజాలు నడిచేసరికి రెండు కాళ్లూ బరువెక్కి కూర్చోవాల్సి వస్తుంది, ముందుకి వంగితే హాయిగా ఉంటుంది, సైకిల్ మాత్రం ఎంతసేపైనా తొక్కగలడు. అలాంటివాళ్లకి ఆ ఇరుకు తీస్తే నిజంగానే మేలు జరుగుతుంది, నేను కళ్లారా చూశాను. మీరు చెప్పింది దానికి ఉల్టా. మీకు నడిస్తే నయం.

స్క్రూ మాటకి విలువివ్వాలి. దాన్ని మాత్రం తేలిగ్గా తీసిపారేయను. వదులైన స్క్రూ అంటే లోపల ఎముక అతుక్కోలేదని అర్థం కావచ్చు. అతుక్కోకపోతే అక్కడ సన్నగా కదలిక ఉంటుంది, అది నొప్పి పెడుతుంది, దాన్ని ఆపరేషన్‌తో సరిచేయొచ్చు. ఇది స్పష్టమైన వాక్యం. కానీ "వదులైనట్టుంది" అన్నారు తమ్ముడూ, "వదులైంది" అనలేదు. ఎమ్మారైలో లోహం చుట్టూ బొమ్మ చెదిరిపోతుంది. స్క్రూ చుట్టూ ఎముక కరిగి అంచు ఏర్పడిందా, మధ్యలో ఎముక అతికిందా అనేవి సీటీ స్కాన్‌లో తెలుస్తాయి. దాంతోపాటు నిలబడి ముందుకి వంగి ఒకటి, వెనక్కి వాలి ఒకటి ఎక్స్‌రేలు తీయించాలి. మీ ఫైల్లో ఈ రెండూ లేవు, ఉన్నట్టయితే మీరు రాసేవారు. ఇవి లేకుండా స్క్రూ పేరుతో తెరవడానికి ఒప్పుకోకండి. మీరు బీడీ కాలుస్తారో లేదో రాయలేదు. కాలుస్తుంటే ఎముక అతకకపోవడానికి అది పెద్ద కారణం. రేపు మళ్లీ ఆపరేషన్ చేసినా అదే కారణంతో మళ్లీ అతకకపోవచ్చు. షుగర్ ఉంటే మూడు నెలల సగటు పరీక్ష చూపించుకోండి, ఎక్కువుంటే కుట్టు దగ్గర చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది.

చీము అన్నాను కాబట్టి నా తప్పొకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట రాడ్లు వేయించుకున్న ఒకాయన నొప్పితో నా దగ్గరికి వచ్చేవాడు. లోపల మచ్చ కట్టి ఉంటుంది, వ్యాయామంతో సర్దుకుంటుందని మూడు నెలలు చేయించాను. సాయంత్రాలు ఒళ్లు వెచ్చగా ఉంటోందని ఆయన ఒకసారి అన్నాడు, ఎండలకేమో అన్నాను. బరువు తగ్గితే, పత్యం చేస్తున్నాడు కదా అనుకున్నాను. చివరికి చూస్తే స్క్రూల దగ్గర చిన్నగా ఇన్ఫెక్షన్ రగులుతోంది, స్క్రూ వదులైంది కూడా దానివల్లే. ఆయనకి ఆపరేషనే సరైన మందు, నేను ఆలస్యం చేశాను. అప్పటి నుంచి రాడ్లున్నవాళ్లు ఎవరొచ్చినా ముందు మూడు అడుగుతాను: సాయంత్రం జ్వరం ఉందా, బరువు తగ్గావా, రాత్రి పడుకున్నా నొప్పి లేపుతోందా. మీరు కూడా ఈఎస్ఆర్, సీఆర్‌పీ అని, లోపల ఇన్ఫెక్షన్ లాంటిది ఉందేమో సూచించే రక్తపరీక్షలు చేయించుకోండి. ఎమ్మిగనూరులోనే అయిపోతాయి. మన దేశంలో వెన్నుకి టీబీ కూడా తక్కువేం కాదు.

కాలిలో తిమ్మిరికి ఇంకో కారణం ఉండొచ్చు. ఆపరేషన్ చేసిన చోట నరం చుట్టూ మచ్చ కడుతుంది, చర్మం మీద కోత మానితే గీత మిగిలినట్టే. మచ్చకీ, మళ్లీ జారిన డిస్కుకీ తేడా తెలియాలంటే రంగుమందు సూది వేసి ఎమ్మారై తీయాలి. మచ్చకి రక్తనాళాలుంటాయి కాబట్టి అది వెలిగి కనబడుతుంది, డిస్కు ముక్క వెలగదు. మచ్చని తీయడానికి ఆపరేషన్ చేస్తే ఇంకో మచ్చ వస్తుంది. అందుకని మచ్చ ఒక్కటే కారణమైతే ఎక్కువమంది సర్జన్లు తెరవరు.

మీకు కోపం వచ్చే మాట ఒకటి అనాలి. రెండుసార్లు ఆపరేషన్ అయ్యాక నడుంనొప్పి మిగిలిపోవడం మీ ఒక్కరి ఖర్మ కాదు, చేసిన డాక్టరు చేతకానితనమే అనుకోవాల్సిన పనీ లేదు. ఇది ఎంత మామూలంటే దానికి పేరే ఉంది. ఇదివరకు "ఫెయిల్డ్ బ్యాక్ సర్జరీ సిండ్రోమ్" అనేవారు. ఆ మాట వింటేనే మనిషి కుంగిపోతున్నాడని ఇప్పుడు పేరు మార్చే ప్రయత్నంలో ఉన్నారు. వెన్ను ఆపరేషన్ కాలిలోకి దిగే నరం నొప్పికి బాగా పనిచేస్తుంది. నడుంలోనే ఉండే నొప్పికి అంతగా పనిచేయదు. రెండోసారి, మూడోసారి చేస్తున్నకొద్దీ ఫలితం తగ్గుతుంది, ప్రమాదం పెరుగుతుంది. పాత మచ్చలో నరాల పైపొర చిరిగి నీరు కారే అవకాశం కూడా ఎక్కువ. మీ మొదటి ఆపరేషన్ కాలి నొప్పికి చేసిందని, నాలుగేళ్లు బాగున్నారని మీరే రాశారు. రెండోది నడుంనొప్పికి చేసింది, ఆరు నెలలే ఆగింది. మీ ఒళ్లే మీకు చెప్పిన లెక్క అది.

రెండో ఆపరేషన్‌కి ముందు మీరున్నలాంటి స్థితిలో ఉన్నవాళ్ల మీద నార్వేలో ఒక పరిశీలన చేశారు, 2006లో అచ్చయింది. డిస్కు ఆపరేషన్ అయ్యాక కూడా ఏడాదికి పైగా నడుంనొప్పితో ఉన్న 60 మందిని తీసుకుని, చీటీలు వేసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి స్క్రూలు వేశారు. రెండో గుంపుకి నొప్పంటే ఏమిటో, ఎందుకు భయపడక్కర్లేదో కూర్చోబెట్టి చెప్పి, వ్యాయామం చేయించారు. ఏడాది తర్వాత చూస్తే రెండు గుంపులూ కాస్త బాగుపడ్డాయి, ఆపరేషన్ గుంపు ఏమీ ముందు లేదు. అరవై మంది చిన్న సంఖ్యే, ఒప్పుకుంటాను. పైగా వాళ్లు చేయించిన వ్యాయామం మన దగ్గర బెల్టు కట్టి, కరెంటు పెట్టి, పది నిమిషాల్లో పంపించేసే "ఫిజియో" లాంటిది కాదు. మా వృత్తివాళ్లు నన్ను తిట్టుకున్నా సరే, ఆ కరెంటు పెట్టడానికి వంద రోజులు తిరిగినా మీ నడుంలో బలం రాదు.

"భరించు" అన్న కర్నూలు డాక్టరుగారి సలహా సగమే. తెరవొద్దన్నది బహుశా సరైనదే, భరించమని వదిలేయడం సరికాదు. ఈ మధ్యలో చేయాల్సింది చాలా ఉంది.

మందుల దగ్గర మొదలుపెడదాం. మీరు రోజుకి రెండు డైక్లోఫినాక్ నొప్పి మాత్రలు రెండేళ్లుగా వేసుకుంటున్నానని మామూలుగా రాసేశారు. నేనూ అదే చేశాను, 2018లో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) పెరిగితే గానీ బుద్ధి రాలేదు. మన ఎండల్లో, నీళ్లు తక్కువ తాగి, రోజూ ఆ మాత్ర వేస్తే కిడ్నీలే ముందు లొంగుతాయి. ఈ వారంలోనే ఆ పరీక్ష చేయించుకోండి. ఊళ్లో ఆరెంపీ వేసే "పవర్ సూది" వద్దు. చాలాసార్లు అందులో స్టెరాయిడ్ ఉంటుంది, వారం రోజులు ఎగిరి గంతేస్తారు, తర్వాత షుగర్ పెరుగుతుంది, ఎముక గుల్లబారుతుంది. గుల్లబారిన ఎముకలో స్క్రూ ఎలా నిలుస్తుంది? నరాల నొప్పి మందు ప్రీగాబాలిన్ రాత్రిపూట వేసుకుంటున్నారు కదా, కాలి తిమ్మిరికి పనిచేస్తే ఉంచుకోండి, పనిచేయకపోతే డాక్టరుతో మాట్లాడి మెల్లగా తగ్గించండి. ఒక్కసారిగా మానేయొద్దు. అది వేసుకుని తూలుతూ బండి నడపొద్దు.

కదలిక గురించి. నొప్పి లేని రోజు బస్తాలు మోసి, మర్నాడు మంచం దిగకపోవడం మనందరి అలవాటు. మీరూ అదే రాశారు, కొట్టులో బియ్యం బస్తా దించిన రోజు గురించి. దీన్ని తిప్పెయ్యాలి. నొప్పి ఎంతున్నా, లేకున్నా ఒకే కొలత. నేను 2018లో ఆరు నిమిషాల నడకతో మొదలుపెట్టాను, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఆరే. బాగుందని పది నడవలేదు, బాగోలేదని మానలేదు. వారానికి ఒక నిమిషం పెంచాను. నలభై ఏళ్లు దాటిన మగాడు కర్నూలు అవుట్‌డోర్ స్టేడియంలో ఆరు నిమిషాలు నడిచి ఇంటికెళ్లిపోతుంటే తెలిసినవాళ్లు నవ్వారు. ఎనిమిది నెలలకి నలభై నిమిషాలయింది. నొప్పి పోలేదు, ఇప్పటికీ పదికి మూడు దగ్గర ఉంటుంది. కానీ దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని నా పని నేను చేసుకుంటున్నాను. నడకతోపాటు తుంటి కండలకి, పొట్ట కండలకి బలం పెంచే నాలుగు వ్యాయామాలు చాలు. అవి రాసి చెబితే తప్పుగా చేస్తారు, ఒకసారి ఎవరి ముందైనా చేసి చూపించుకోండి. రాత్రుళ్లు నిద్ర లేకపోతే మర్నాడు నొప్పి రెట్టింపవుతుంది. మీ భార్య "ఈయన ఎవరితోనూ మాట్లాడటం లేదు" అంటున్నారని రాశారు. దాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఏళ్ల తరబడి నొప్పి ఉన్న మనిషికి దిగులు పట్టడం జ్వరం వచ్చినంత మామూలు, దానికీ మందుంది. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్తే నొప్పి అబద్ధమని కాదు. అక్కడ ఇచ్చే కొన్ని మందులు నరాల నొప్పిని కూడా తగ్గిస్తాయి.

బంధువులు పుత్తూరు తీసుకెళ్తామంటున్నారన్నారు. పుత్తూరు కట్టు పేరు విరిగిన చేతులకీ కాళ్లకీ. మీ వెన్నులో లోహం ఉంది. నడుం విరిచేవాళ్లు, తొక్కేవాళ్లు, వేడి నూనె పోసి లాగేవాళ్లు ఎవరినీ దాని మీద చెయ్యి వేయనివ్వకండి.

వెన్నులో కరెంటు పరికరం పెడతారని యూట్యూబులో చూశానన్నారు. దాన్ని స్పైనల్ కార్డ్ స్టిమ్యులేటర్ అంటారు. ముందు కొన్నాళ్లు బయట నుంచి తీగ పెట్టి చూసి, నొప్పి సగమైనా తగ్గితే లోపల అమరుస్తారు. కాలి నరం నొప్పి మిగిలినవాళ్ల కోసం వచ్చింది, ఖర్చు లక్షల్లో. మొదట్లో వచ్చిన ఫలితాలు బాగున్నాయి గానీ, 2022లో నార్వేవాళ్లు 50 మందిలో పరికరం ఆన్‌లో పెట్టి, ఆఫ్‌లో పెట్టి చూస్తే పెద్ద తేడా రాలేదు. మీ నొప్పి ఎక్కువగా పిర్ర పైన ఉంది. పొలం అమ్మి దాన్ని కొనమని నేను చెప్పలేను.

ఇక మళ్లీ సర్జన్‌ని కలవడం. మీ ఇద్దరు డాక్టర్లలో ఎవరు మంచివారో నన్ను తేల్చమన్నారు, అది నా వల్ల కాదు. మూడో అభిప్రాయం మాత్రం తీసుకోండి, అదీ మీకు ఆపరేషన్ చేయబోని సర్జన్ దగ్గర. "సార్, చేయించుకుంటే వేరేచోట చేయించుకుంటాను, నాకు మీ మాట కావాలి" అని ముందే చెప్పండి, జవాబు నిక్కచ్చిగా వస్తుంది. కర్నూలు పెద్దాసుపత్రిలో న్యూరోసర్జరీ ఓపీ ఉంది, హైదరాబాదులో నిమ్స్ ఉంది. రోజంతా లైన్లో నిలబడాలి, నిజమే. మీకైతే కూర్చోవడం కన్నా నిలబడటమే నయం కదా. పోయేటప్పుడు 2015, 2020 డిశ్చార్జి సమ్మరీలు, ఆపరేషన్ నోట్సు, పాత సీడీలు అన్నీ పట్టుకెళ్లండి. కొత్త ఎమ్మారై ఒక్కదాన్నే చూపిస్తే పాతదానితో పోల్చి ఏం మారిందో ఎవరూ చెప్పలేరు. ఆపరేషన్ నోట్సు లేకపోతే చేసిన ఆస్పత్రిలో రాతపూర్వకంగా అడగండి, వాళ్ల దగ్గర ఉంటే ఇవ్వాల్సిందే. ఏ కంపెనీ స్క్రూలో కూడా అందులో ఉంటుంది. రేపు తీయాల్సి వస్తే సరిపోయే పనిముట్టు తెప్పించుకోవడానికి అది కావాలి.

అక్కడ ఇలా అడగండి: నా ఈ నొప్పి, ఇదిగో ఈ చోట నొప్పి, మీరు చేయబోయేదానితో తగ్గుతుందని ఎందుకనుకుంటున్నారు? ఆరు నెలలు ఆగితే ఏం పాడవుతుంది? బాగా జరిగితే ఎంత తగ్గుతుంది, సగమా, పూర్తిగానా? మీ సర్జన్ ఈ ప్రశ్నలకి విసుక్కుంటే అది కూడా ఒక జవాబే. మంచి సర్జన్లకి ఇవి ఇష్టం, నా పాదం నిలబెట్టినాయన నేను అడగకముందే ఇవన్నీ చెప్పారు.

డబ్బు గురించి ఒక్క మాట. మీకు బియ్యం కార్డు ఉంది కాబట్టి ఎన్టీఆర్ వైద్యసేవలో, మనం ఆరోగ్యశ్రీ అనేదే, ఈ ఆపరేషన్ వస్తుందో రాదో నెట్‌వర్క్ ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రని ముందే అడగండి. ఆపరేషన్ పేరు డాక్టరు చేత రాయించుకుని ఆ కాగితం చూపించి అడగండి. "వెన్ను ఆపరేషన్" అంటే ఎవరూ చెప్పలేరు.

సీటీలో స్క్రూ నిజంగా వదులైందని, ఎముక అతకలేదని తేలితే, ఇన్ఫెక్షన్ లేదని తేలితే, సూది పరీక్షలో నొప్పి అక్కడిదేనని తేలితే, నేనే మీకు ఫోన్ చేసి చేయించుకోమంటాను. నేను ఆపరేషన్లకి వ్యతిరేకిని కాను, ఒక ఆపరేషన్ మీదే నడుస్తున్నాను.

మగ్గం సంగతి చివరికి ఉంచాను, మీరు దాన్నే చివర అడిగారు కాబట్టి. నా దగ్గరికి వచ్చిన ఒక నేతపని ఆయనకి కూడా మీలాగే రెండుచోట్ల రాడ్లున్నాయి. గుంట అంచున కూర్చునే పలకని నాలుగు వేళ్ల ఎత్తు లేపించుకుని, ముందుకి కొంచెం వాలుగా పెట్టించుకున్నాడు, తుంటి మోకాలి కన్నా పైకి ఉండేట్టు. ఫోనులో ఇరవై నిమిషాలకి అలారం. మోగగానే నాడె (పేక నూలుని అటూ ఇటూ పంపే పనిముట్టు) వదిలి లేచి ఇంటి చుట్టూ ఒక తిరుగు. మొదట రోజుకి ముప్పావు గంట నేశాడు, ఏడాదికి మూడు గంటలకి వచ్చాడు. అంతకు మించి పోలేదు. చీరలు మానేసి తువ్వాళ్లు నేస్తున్నాడు, బరువు తక్కువని. పూట గడిచే సంపాదన కాదు, పగలు కొట్టు చూసుకుంటాడు. మీకు మూడు గంటలొస్తాయో రెండొస్తాయో నాకు తెలియదు, ఆ కీలు సంగతి తేలాక చూడాలి. ఎస్‌ఐ జాయింట్ పరీక్ష ఎమ్మిగనూరులో ఎవరూ చేయకపోతే కర్నూలు రండి. వచ్చేటప్పుడు బస్సులో వెనక సీట్లో కూర్చోకండి, ఆ కుదుపులకి దారిలోనే నొప్పి లేస్తుంది, పరీక్షలో ఏదీ తేలదు.